ఇంట్లో స్పెయిన్ తరహా రెడ్ వైన్ సాంగ్రియా: తరచుగా అడిగే ప్రశ్నలు

స్పెయిన్‌లోని వాలెన్సియాలో నాలుగేళ్లు ఉన్నాను. మా పై అంతస్తులో ఉండే పెద్దావిడ వేసవి ఆదివారాల్లో సాంగ్రియా కలిపేవారు, ఆవిడ వంటింట్లో పక్కన నిలబడి చూసి నేర్చుకున్నదే ఇక్కడ రాస్తున్నాను. తిరిగి వచ్చాక ఇక్కడి ఫ్రెండ్సూ, అమెరికాలో, యూరప్‌లో ఉన్న మనవాళ్లూ అడుగుతూ వచ్చిన ప్రశ్నలే ఇవన్నీ. సాంగ్రియా అనగానే చాలామంది వైన్‌లో నానబెట్టిన ఫ్రూట్ సలాడ్ అనుకుంటారు. మండే ఎండల్లో నలుగురు కూర్చుని తాగడానికి మామూలు వైన్‌ని చల్లగా, తేలిగ్గా చేసుకునే పద్ధతి అది. నోట్లో పోసుకుంటే ముందు వైన్ తెలియాలి, ఆ వెనక పండు రావాలి. ఇది ఒక్కటి గుర్తు పెట్టుకుంటే కొలతలు కాస్త అటూ ఇటూ అయినా ఏం కాదు.

పేరు ఎలా పలకాలి, అర్థం ఏంటి?

స్పెయిన్‌లో "సంగ్రీయా" అంటారు, "గ్రీ" దగ్గర ఒత్తి పలుకుతారు. స్పానిష్‌లో రక్తాన్ని "సాంగ్రే" అంటారు, ఆ ఎర్ర రంగు వల్ల ఈ పేరు. మనం సాంగ్రియా అన్నా అందరికీ అర్థమవుతుంది. ఇంగ్లీషులో 18వ శతాబ్దంలోనే "సాంగరీ" అనే మాట ఉంది, వైన్‌లో నీళ్లు, చక్కెర, మసాలా కలిపిన పానీయానికి. అమెరికాలో దీనికి బాగా పేరొచ్చింది మాత్రం 1964లో న్యూయార్క్ వరల్డ్ ఫెయిర్‌లో స్పెయిన్ వాళ్ల పెవిలియన్‌లో జనం రుచి చూశాక.

ఒక బాటిల్ వైన్‌కి కొలతలు చెప్పండి

750 మిల్లీలీటర్ల రెడ్ వైన్ ఒకటి, రెండు నారింజల రసం (దాదాపు 150 మి.లీ.), చక్రాల్లా కోయడానికి ఇంకో నారింజ, ఒక పసుపు నిమ్మకాయ, బాగా పండిన పీచ్ ఒకటి, గట్టి ఆపిల్ ఒకటి, దాల్చిన చెక్క ఒక్కటంటే ఒక్క ముక్క, రెండు పెద్ద చెంచాల చక్కెర, 60 మి.లీ. బ్రాందీ, చివర్లో పావు లీటరు చల్లటి సోడా.

ముందు నారింజ రసంలో చక్కెర వేసి పూర్తిగా కరిగే దాకా కలపండి. అందులోనే పీచ్, ఆపిల్ ముక్కలు వేసి బ్రాందీ పోసి ఒక పావుగంట వదిలేయండి. ఆ తర్వాత వైన్ పోసి, దాల్చిన చెక్క వేసి, మూత పెట్టి ఫ్రిజ్‌లో మూడు నాలుగు గంటలు ఉంచండి. నారింజ, నిమ్మ చక్రాలు చివరి గంటలో వేస్తే చాలు, ఎందుకో కింద చెప్తాను. తాగే ముందు దాల్చిన చెక్క తీసేసి, సోడా పోసి, అడుగు నుంచి ఒక్కసారి మెల్లగా కలిపి గ్లాసుల్లో పోయండి. ఇంతే. పొయ్యి వెలిగించే పనే లేదు.

ఏ వైన్ కొనాలి?

కొత్త వైన్, చెక్క పీపాల్లో నిలవ ఉంచనిది. స్పానిష్ బాటిల్ మీద "హోవెన్" అని ఉంటే అదే, అంటే చిన్న వయసుది అని. తెంప్రనీయో, గర్నాచా ద్రాక్షలతో చేసినవి బాగుంటాయి, పండు వాసన ఎక్కువగా ఉండి వగరు తక్కువగా ఉంటుంది. రియోహా, వాల్దెపేన్యాస్, లా మాంచా, ఏ ప్రాంతానిదైనా సరే. వాలెన్సియాకి దగ్గర్లోని హుమీయా నుంచి మొనస్త్రెల్ ద్రాక్ష వైన్ వస్తుంది, అది కొంచెం బరువు. నాకు అది ఇష్టమే, కానీ దానికి సోడా ఇంకొంచెం ఎక్కువ పడుతుంది.

మా పై అంతస్తు ఆవిడ సూపర్‌మార్కెట్‌లో మూడు నాలుగు యూరోల బాటిల్ కొనేవారు, అంతకు మించి పెట్టగా నేను చూడలేదు. అయితే తెరిచాక ముందు అర గ్లాసు పోసుకుని ఒట్టిది తాగి చూసేవారు. ఒట్టిగా తాగలేని వైన్ సాంగ్రియాలో బాగుపడదని ఆవిడ నమ్మకం, నాదీ అదే.

ఖరీదైన వైన్ పోస్తే ఇంకా బాగుంటుంది కదా?

బాగుండదు. డబ్బు వృథా అని మాత్రమే కాదు, రుచి కూడా చెడుతుంది. క్రియాన్సా, రిజర్వా అని రాసి ఉన్నవి ఓక్ చెక్క పీపాల్లో నెలల తరబడి ఉంచినవి. రియోహాలో క్రియాన్సా రెడ్ అని రాయాలంటే మొత్తం రెండేళ్లు నిలవ ఉండాలి, అందులో కనీసం ఒక ఏడాది పీపాలో. ఆ చెక్క నుంచి వైన్‌కి వగరు, వెనీలా లాంటి వాసన వస్తాయి. వైన్‌ని బాగా చల్లబరిస్తే వగరూ చేదూ ఇంకా పైకి తేలతాయి, పండు వాసన వెనక్కి పోతుంది. దాని మీద నారింజ పులుపు పడితే నోరంతా పచ్చి అరటికాయ కొరికినట్టు పట్టేస్తుంది. అలాంటి బాటిల్ ఎవరైనా గిఫ్ట్ ఇస్తే దాన్ని భోజనంతో అలాగే తాగండి, దయచేసి కూజాలో పోయకండి.

ఇండియాలో స్పానిష్ వైన్ దొరకలేదు, లేదా రేటు చాలా ఉంది

నాసిక్ వైపు తయారయ్యే రెడ్ వైన్‌లతో చక్కగా వస్తుంది. షిరాజ్ గానీ జిన్ఫాండెల్ గానీ తీసుకోండి, లేబుల్ మీద ఓక్ అనో రిజర్వ్ అనో ఉంటే వదిలేయండి. ఒట్టి క్యాబర్నే సావిన్యోన్ వద్దు, వగరు ఎక్కువ. పోర్ట్ వైన్ పేరుతో అమ్మే తియ్యటి వైన్‌తో చేద్దామా అని అడుగుతుంటారు. అది ముందే పాకంలా ఉంటుంది కాబట్టి పండు రుచి అస్సలు తెలియదు, వద్దు.

నారింజకి బదులు బత్తాయి వాడొచ్చా?

ఈ ప్రశ్న అడిగితే నాకు భలే సంతోషం. అనంతపురం, నల్గొండ తోటల్లో పండే మన సాత్‌గుడి బత్తాయి వృక్షశాస్త్రం ప్రకారం తీపి నారింజే, వాలెన్సియా నారింజకి చుట్టం అన్నమాట. కాబట్టి వాడొచ్చు. కాకపోతే పులుపు తక్కువ, నిమ్మరసం ఒక చెంచా ఎక్కువ పిండాలి. ఇంకొకటి, బత్తాయి రసం పిండి కాసేపు ఉంచితే చేదెక్కుతుంది, జ్యూస్ బండి దగ్గర పార్సిల్ తెచ్చుకున్నవాళ్లందరికీ ఇది తెలుసు. అందుకని బత్తాయి వాడితే రసాన్ని ముందు కాకుండా చివర్లో, వడ్డించే ముందు పిండి కలపండి. చక్కెరని అప్పుడు వేడి నీళ్ల పాకంతో సర్దుకోవాలి.

కమలాలు తియ్యగా బాగుంటాయి, రసానికి వాడండి, చక్రాలుగా మాత్రం నిలవవు. ఇక నిమ్మకాయ సంగతి: స్పెయిన్‌లో వాడేది పెద్ద పసుపు నిమ్మ, పులుపు కాస్త మెత్తగా ఉంటుంది, తొక్క మంచి వాసన. మన చిన్న నిమ్మకాయ ఘాటు ఎక్కువ. ఒక పసుపు నిమ్మకి బదులు మనది ఒక కాయలో సగం సరిపోతుంది, రెండు మూడు పల్చటి చక్రాలు మించొద్దు.

ఏ పండ్లు వేయకూడదు?

అరటి, బొప్పాయి, పుచ్చకాయ. మెత్తబడి విడిపోతాయి, కూజా అడుగున మడ్డి చేరుతుంది. స్ట్రాబెర్రీలు అందంగా కనిపిస్తాయి గానీ గంటలో తెల్లబోయి పీచులా అవుతాయి, వేయాలనుంటే గ్లాసులో పైన ఒకటి వేయండి. మామిడి గురించి చాలామంది అడిగారు. మామిడి వాసన వైన్‌ని పూర్తిగా మింగేస్తుంది, అది వేరే పానీయం అవుతుంది. పీచ్ దొరక్కపోతే గట్టిగా ఉన్న పియర్ పండు లేదా ఒట్టి ఆపిల్ చాలు. పండ్లు నాలుగు రకాలు దాటాయంటే మీరు సాంగ్రియా దారి తప్పినట్టే అని నా అభిప్రాయం.

నాది చేదుగా వచ్చింది. ఎక్కడ తప్పు జరిగింది?

తొంభై శాతం నారింజ తొక్క కింద ఉండే తెల్ల పొర వల్లే. నేను మొదటిసారి సొంతంగా చేసినప్పుడు ఇదే జరిగింది. మందపాటి తొక్క ఉన్న నారింజలు మూడు, తొక్కతో సహా లావుగా చక్రాలు కోసి శనివారం రాత్రే వైన్‌లో వేసి పెట్టాను, ఎంత ఊరితే అంత మంచిదనుకుని. ఆదివారం మధ్యాహ్నం చూస్తే వేపాకు నమిలినట్టుంది. టెన్షన్‌లో చక్కెర నాలుగు చెంచాలు వేశాను, అప్పుడు చేదూ తీపీ రెండూ విడివిడిగా తెలుస్తూ ఇంకా ఘోరంగా తయారైంది. వచ్చినవాళ్లు మర్యాదకి అర గ్లాసు తాగి పక్కన పెట్టారు.

పై అంతస్తు ఆవిడ మర్నాడు నాతో "ఇహా" (మనం "అమ్మాయీ" అన్నట్టు) అని పిలిచి మరీ చూపించారు. పళ్లు కోసే చిన్న చాకుతో నారింజ తొక్కని పైపైన, కాగితం అంత పల్చగా, ఒకే పొడవాటి చుట్టగా తీశారు. వెనక్కి తిప్పి చూపించారు, తెలుపు దాదాపు లేదు, చాకు మెరుపు తొక్కలోంచి కనపడేంత పల్చన. ఆ చుట్ట మాత్రం గంటల తరబడి వైన్‌లో ఉండొచ్చు, వాసనంతా దాని నూనెలోనే ఉంది. తొక్కతో ఉన్న చక్రాలు ఎప్పుడూ చివరి గంటలోనే. తొక్క వాడుతున్నాం కాబట్టి పండ్లని గోరువెచ్చటి నీళ్లలో బాగా రుద్ది కడగండి, మార్కెట్లో చాలావాటికి మైనం పూత ఉంటుంది.

చేదుకి ఇంకో కారణం దాల్చిన చెక్క. స్పెయిన్‌లో ఎక్కువగా వాడేది శ్రీలంక రకం, పల్చటి పొరలు చుట్టలా ఉంటాయి. మన కిరాణా కొట్లో దొరికే మందపాటి చెక్క చాలాసార్లు కాషియా అనే వేరే రకం, ఘాటెక్కువ. అదైతే బొటనవేలంత ముక్క చాలు. లవంగం వేయాలంటే ఒకటి, రెండు వేస్తే పలావు గుర్తొస్తుంది.

ఇప్పటికే చేదైపోయిందా? చక్రాలన్నీ వెంటనే తీసేసి, ఇంకో అర బాటిల్ వైన్, కొంచెం సోడా పోసి పల్చన చేయండి. చక్కెరతో మాత్రం సరిచేయాలని చూడకండి.

ఎంతసేపు ఊరాలి?

కనీసం రెండు గంటలు, మూడు నాలుగైతే బాగుంటుంది. ఇందులో జరిగేదేంటంటే, పండ్లలో రసం బయటికి వస్తుంది, వైన్ పండులోకి వెళ్తుంది, దాల్చిన చెక్క, తొక్క వాసనలు ఆల్కహాల్‌లోకి దిగుతాయి. రాత్రంతా పెట్టాల్సి వస్తే వైన్, పీచ్, ఆపిల్, పల్చటి తొక్క వరకే పెట్టండి. ఆపిల్ ముక్కలు రంగు మారతాయని భయం వద్దు, వైన్ పులుపులో మునిగి ఉంటాయి కదా, ఎర్రగా అవుతాయి తప్ప నల్లబడవు.

చక్కెర అడుగున పేరుకుంటోంది

చల్లటి వైన్‌లో నేరుగా వేశారు. ముందు రసంలో కరిగించండి, లేదా చక్కెర, వేడి నీళ్లు సమానంగా తీసుకుని పాకం చేసి చల్లారాక కలపండి. పండ్ల తీపిని బట్టి చక్కెర మారుతుంది కాబట్టి మొదట సగమే వేసి, ఊరిన తర్వాత రుచి చూసి మిగతాది వేయడం మేలు. ఆవిడ చెక్క గరిటె ఒకటి ఇందుకే ఉంచుకున్నారు, ఏళ్ల తరబడి వైన్ పీల్చి సగం దాకా వంకాయ రంగుకి తిరిగింది. దాంతోనే ఒక్క చుక్క అరచేతిలో వేసుకుని రుచి చూసేవారు.

బ్రాందీ తప్పనిసరా?

కాదు. చాలా స్పానిష్ ఇళ్లలో వేయనే వేయరు, వేసేవాళ్లు ఒక చిన్న గ్లాసు వేస్తారు. వేస్తే కొంచెం నిండుదనం వస్తుంది. అక్కడ వాడేది షెర్రీ అనే ఘాటైన స్పానిష్ వైన్ పీపాల్లో ఉంచిన జెరెజ్ ఊరి బ్రాందీ, ద్రాక్షతో చేసింది. మన దగ్గర బ్రాందీ పేరుతో అమ్మేవాటిలో చాలావాటికి ఆధారం చెరకు మొలాసిస్ నుంచి వచ్చిన స్పిరిట్, అందులో వేసిన ఫ్లేవర్ సాంగ్రియాలో విడిగా తెలుస్తుంది. ద్రాక్షతో చేసినది అని రాసి ఉంటే తీసుకోండి, లేకపోతే మానేయండి. క్వాంత్రో లాంటి నారింజ లిక్కర్ 30 మి.లీ. వేసినా బాగుంటుంది, అప్పుడు చక్కెర తగ్గించండి. వోడ్కా, రమ్ము, విస్కీ మూడూ కలిపి "స్ట్రాంగ్ సాంగ్రియా" చేసేవాళ్లున్నారు. కిక్కు కోసం చేసేది ఏదైనా చేసుకోండి, దానికి ఈ పేరు పెట్టకండి.

సోడా ఏది, ఎప్పుడు?

గ్లాసుల్లో పోసే ముందు, అదీ ఫ్రిజ్‌లోంచి అప్పుడే తీసినది. గ్యాస్ చల్లటి నీళ్లలోనే బాగా నిలుస్తుంది, ముందే పోసి పెడితే తాగే టైముకి చప్పబడిపోతుంది. స్పెయిన్‌లో "గాసెయోసా" అని కొద్దిగా తియ్యగా ఉండే సోడా పోస్తారు, లా కాసేరా అనే బ్రాండ్ అక్కడ దాదాపు ప్రతి ఇంట్లో కనిపిస్తుంది. మన దగ్గర దానికి దగ్గరగా ఉండేది ప్లెయిన్ గోలీ సోడా, లేదా మామూలు సోడాలో చెంచాడు పాకం. స్ప్రైట్ పోస్తే తీపి పెరిగిపోతుంది, పోసే పనైతే చక్కెర పూర్తిగా మానేయండి.

ఐస్ వేయాలా?

కూజాలో కొంచెం, గ్లాసులో కొంచెం. పెద్ద ముక్కలైతే నెమ్మదిగా కరుగుతాయి. అసలు అన్నీ ముందే బాగా చల్లగా ఉంటే ఐస్ అవసరం సగం తగ్గుతుంది.

ఆ ప్రత్యేకమైన కూజా ఉండాలా?

అక్కరలేదు, స్టీలు జగ్గు తప్ప ఏదైనా సరే, గాజుదైతే రంగు కనిపిస్తుంది. కానీ స్పెయిన్ మట్టి కూజాని ఒకసారి చేత్తో పట్టుకుంటే దాని తెలివి అర్థమవుతుంది. మూతి దగ్గర పెదవిని లోపలికి నొక్కి ఇరుకు చేస్తారు, వంచినప్పుడు వైన్ సన్నటి ధారగా వస్తుంది, ఐసూ పండ్లూ లోపలే ఆగిపోతాయి. గ్లాసులో ఛళ్లున పడి బట్టల మీద మరక పడదు. ముక్కలు కావాలంటే గరిటెతో తీసి వేస్తారు.

తాగితే జ్యూస్‌లా ఉంది. ఆల్కహాల్ ఎంత ఉంటుంది?

ఈ ప్రశ్న అందరూ అడగాలి. పై కొలతలతో లెక్క వేద్దాం. 13 శాతం వైన్ 750 మి.లీ.లో దాదాపు 97 మి.లీ. ఆల్కహాల్, 40 శాతం బ్రాందీ 60 మి.లీ.లో 24. మొత్తం 121. రసం, సోడా కలిపి పానీయం 1210 మి.లీ. అవుతుంది, అంటే 10 శాతం. ఐస్ కరిగితే కొంచెం తగ్గుతుంది. 200 మి.లీ. గ్లాసు ఒకటి తాగారంటే మామూలు వైన్ గ్లాసు ఒకటి తాగినట్టే. బ్రాందీ లేకపోతే ఎనిమిదిన్నర శాతం. తియ్యగా, చల్లగా ఉండటం వల్ల మూడు గ్లాసులు తెలియకుండా దిగిపోతాయి, పైగా ఎండ. మధ్యలో నీళ్లు తాగండి. ఇండియాలో బండి నడిపేవాళ్లకి 100 మి.లీ. రక్తంలో 30 మిల్లీగ్రాములే హద్దు, కాబట్టి తాగినవాళ్లు ఆ రోజు తాళాలు ముట్టుకోవద్దు. గర్భిణులు వద్దు, రోజూ మందులు వాడేవాళ్లు డాక్టర్‌ని అడగండి.

పిల్లలకీ, తాగనివాళ్లకీ ఏం చేయాలి?

స్పెయిన్‌లో "మోస్తో" అని పులియని ద్రాక్షరసం వాడతారు. మనం నల్ల ద్రాక్షరసం సగం, దానిమ్మరసం పావు, చల్లార్చిన పల్చటి బ్లాక్ టీ పావు కలపొచ్చు. టీ ఎందుకంటే వైన్‌లో ఉండే ఆ వగరు దాంతో వస్తుంది, లేకపోతే ఒట్టి పండ్లరసంలా ఉంటుంది. చక్కెర అస్సలు వద్దు, నిమ్మరసం పిండండి. దీనికి వేరే రంగు కూజా పెట్టండి, పక్కపక్కన ఉంచితే ఎవరు ఏది పోసుకున్నారో తెలియదు.

తింతో దే వెరానో అంటే ఇదేనా?

కాదు, ఇంకా సులువు. రెడ్ వైన్, గాసెయోసా సగం సగం, ఐస్, ఒక నిమ్మ చక్రం. పేరుకి అర్థం "వేసవి రెడ్ వైన్". అక్కడి బార్లలో స్థానికులు ఎక్కువగా అడిగేది ఇదే, సాంగ్రియా ఇంట్లో, ఊరి పండగల్లో నలుగురు చేరినప్పుడు. బాస్క్ ప్రాంతంలో రెడ్ వైన్‌లో కోలా కలిపి "కలిమోచో" అంటారు. ఇక మా వాలెన్సియాది "ఆగువా దే వాలెన్సియా", 1959లో అక్కడి కఫే మాడ్రిడ్‌లో పుట్టింది, కావా (బుడగలొచ్చే స్పానిష్ వైన్), నారింజ రసం, జిన్, వోడ్కా ఉంటాయి. దాన్ని వైట్ సాంగ్రియా అంటే అక్కడివాళ్లు ఒప్పుకోరు.

బాటిల్లో రెడీగా అమ్మేది కొంటే?

తొందరలో పర్వాలేదు, కానీ అది చాలా తీపి. లేబుల్ గురించి ఒక సంగతి: యూరోపియన్ యూనియన్‌లో 2014 నియమాల ప్రకారం స్పెయిన్, పోర్చుగల్‌లో తయారైనదాన్నే ఒట్టి "సాంగ్రియా" పేరుతో అమ్మాలి, ఆల్కహాల్ 4.5 శాతానికి తగ్గకూడదు, 12 శాతం లోపు ఉండాలి. వేరే దేశంలో చేసినదైతే ఎక్కడ చేశారో పేరు పక్కన చెప్పాలి. ఇది అమ్మేవాళ్లకి, ఇంట్లో కలుపుకునే మనకి వర్తించదు.

ఇరవై మంది వస్తున్నారు, ఎంత చేయాలి?

ఒక బాటిల్‌తో ఆరు గ్లాసులు వస్తాయి. మనిషికి రెండు చొప్పున ఏడు బాటిళ్లు. పండ్లూ రసమూ ఆ లెక్కనే పెంచండి, దాల్చిన చెక్క మాత్రం మూడు ముక్కలు దాటొద్దు, చక్కెర లెక్కలో మూడొంతుల్లో రెండొంతులతో మొదలుపెట్టండి. సోడా మొత్తం గిన్నెలో ఒకేసారి పోయకండి, కూజా నింపినప్పుడల్లా దాని వరకే పోసుకోండి.

పక్కన తినడానికి ఏం పెట్టాలి?

అక్కడైతే ఆలివ్‌లు, వేయించిన బాదం, బంగాళాదుంప ఆమ్లెట్. మన ఇంట్లో ఉప్పు వేరుశనగలు, జీడిపప్పు వేపుడు, కారం తగ్గించిన చికెన్ వేపుడు చక్కగా కుదురుతాయి. గుంటూరు కారం దట్టించినవి వద్దు, ఆల్కహాల్‌తో నాలుక ఇంకా మండుతుంది.

మిగిలితే దాచొచ్చా?

సోడా పోయనిది ఫ్రిజ్‌లో మర్నాటి దాకా ఉంటుంది, కానీ పండ్లన్నీ వడకట్టి తీసేయాలి. సోడా పోసింది అదే రోజు అయిపోవాలి. తీసేసిన పీచ్, ఆపిల్ ముక్కల్లో వైన్, బ్రాందీ బాగానే ఉంటాయి, పిల్లలకి అందేచోట పెట్టకండి. ఆవిడ వాటిని చిన్న గిన్నెలో రెండు చెంచాల చక్కెరతో సన్నటి మంట మీద జామ్‌లా దగ్గర పడేదాకా ఉడికించి, సోమవారం పొద్దున బ్రెడ్ మీద రాసి నాకూ ఒక ముక్క కిందికి పంపేవారు.